పాత పుస్తకాల పొట్లాలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో కొరియా కళాకారుడు చున్ క్వాంగ్ యంగ్ గురించి ఓ చిన్న పరిచయం రాశాను, ఒక ఫొటో కూడా వేశాం. చేత్తో చేసిన కాగితంతో వేల కొద్దీ చిన్న పొట్లాలు కట్టి, వాటిని పక్కపక్కనే పేర్చి, గోడంత, ఒక్కోసారి గదంత పనులు చేసే మనిషి ఆయన. మామూలుగా ఇలాంటి విషయం రాస్తే రెండు మూడు ఉత్తరాలు వస్తాయి, అంతే. ఈసారి చాలా వచ్చాయి. కొందరికి బాగా నచ్చింది, కొందరికి కోపం వచ్చింది, ఒకరిద్దరైతే నన్ను కూడా తిట్టారు. అందుకని ఈ నెల ప్రశ్నలన్నీ ఆయన మీదే తీసుకున్నాను.

ఫొటో చూశాను. పొట్లాలు కట్టి గోడకి అంటిస్తే అది కళ ఎలా అవుతుందండీ? మా నాన్నగారు ముప్పై ఏళ్లు పచారీ కొట్లో అదే పని చేశారు.
– ఓ పాఠకురాలు, తెనాలి

మీ ఉత్తరంలో చివరి వాక్యం చదవగానే నాకు భలే సంతోషం వేసిందండీ, ఎందుకంటే ఆయన కథ మొదలయ్యేది కూడా అలాంటి కొట్టు దగ్గరే.

చున్ క్వాంగ్ యంగ్ 1944లో కొరియాలోని హాంగ్‌చాన్‌లో పుట్టారు. సియోల్‌లోని హాంగిక్ యూనివర్సిటీలో 1968లో డిగ్రీ చేసి, అమెరికా వెళ్లి 1971లో ఫిలడెల్ఫియాలో మాస్టర్స్ పూర్తి చేశారు. అప్పట్లో అమెరికాలో జోరుగా ఉన్న నైరూప్య చిత్రాల పద్ధతిలో పెద్ద పెద్ద కాన్వాసుల మీద రంగులు వేశారు, ఒక ఏడాదో రెండేళ్లో కాదు, ఇరవై ఏళ్లకు పైగా. బొమ్మలు బాగానే ఉండేవి, కానీ అవి తనవి అనిపించేవి కావు. ఊరు వదిలి వెళ్లి ఇంకో భాషలో బతికినవాళ్లకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

ఆ వెతుకులాటలో ఆయనకు చిన్ననాటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. వాళ్ల బంధువుల్లో పెద్దాయన ఒకరు నాటు మందుల కొట్టు నడిపేవారు. ఆ కొట్టు పైకప్పు నుంచి కాగితం పొట్లాలు గుత్తులు గుత్తులుగా వేలాడేవి, ఒక్కో దానికి లోపలున్న మూలిక పేరు రాసిన చీటీ. జబ్బు చేసి మందు చేదుకి భయపడుతూ వెళ్లిన పిల్లాడి కళ్లు పైకి వెళ్తే కనపడేవి ఆ పొట్లాలే. 1990ల మధ్యలో, యాభై ఏళ్లు వచ్చాక, ఆ పొట్లాలే ఆయన పని అయిపోయాయి. అప్పటి నుంచి చేసిన ప్రతిదానికీ ఒకటే పేరు, 'అగ్రిగేషన్', అంటే పోగు అనుకోండి, కుప్ప అనుకోండి. ఆ పేరు పక్కన ఏ ఏడాది, ఏ నెల, ఎన్నోది అన్న గుర్తులు ఉంటాయి, అంతే.

నాకూ ఇలాంటి జ్ఞాపకం ఒకటుంది. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఆయుర్వేదం చూసే తాతగారు ఉండేవారు. పాత లెక్కల కాగితం చింపి, శొంఠి కలిపిన పొడి అందులో పోసి, నాలుగు వైపులా మడిచి చివర లోపలికి దోపేవారు, చూస్తుండగానే అయిపోయేది, పొడి ఒక్క రవ్వ కింద పడేది కాదు. పెద్ద పొట్లమైతే పురికొస చుట్టి, ముడి వేసి, పుటుక్కున తెంపేవారు. ఆ చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. మీ నాన్నగారు కట్టిన పొట్లాలు ఇంటికి రాగానే విప్పేసేవాళ్లం, కాగితం పొయ్యిలోకి పోయేది, ఆ చేతి నేర్పు ఎవరి కంటా పడేది కాదు. ఈయన కట్టిన పొట్లాన్ని ఎవరూ విప్పరు. అలాంటివి కొన్ని వేలు కట్టి, మన కళ్ల ముందు నిలబెట్టి, ఇప్పుడు చూడండి అన్నారు. నా మటుకు నాకు అది కళే, పైగా మీ నాన్నగారి పనికి దక్కాల్సిన గౌరవం కూడా అందులో ఉంది.

ఇంకో మాట. ఆయన తరచూ చెప్పే పోలిక ఒకటుంది: పడమటి దేశాల వాళ్లు పెట్టెలో సర్దుతారు, మా కొరియా వాళ్లు గుడ్డలో చుట్టి మూట కడతారు అని. ఆ చుట్టే గుడ్డని వాళ్లు బొజాగి అంటారు. పెట్టెలో పట్టినంతే పడుతుంది, మూటలో ఇంకో గుప్పెడు ఎప్పుడూ పడుతుంది. చద్దిమూట కట్టిన అమ్మ, కొంగున శనగలు ముడేసుకొచ్చిన నాయనమ్మ ఉన్న మనకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

పుస్తకం కాలికి తగిలితే కళ్లకద్దుకునే వాళ్లం మనం. వందేళ్ల నాటి పుస్తకాలు చింపి పొట్లాలు కట్టడాన్ని మెచ్చుకుంటూ రాయడం మీకు తప్పు అనిపించలేదా?
– రిటైర్డ్ తెలుగు మాస్టారు, రాజమహేంద్రవరం

మాస్టారూ, నమస్కారం. మీ ఉత్తరం మూడు సార్లు చదివాను. ఈ ప్రశ్న నన్నూ చాలా రోజులు వదలలేదు, కాబట్టి దీనికి కొంచెం పెద్ద జవాబే రాస్తాను.

ముందు ఆయన చింపేది ఏమిటో చెప్తాను. ఆ పొట్లాల కాగితం చాలా వరకు పాతకాలపు కొరియా పుస్తకాల నుంచి వచ్చినదే. చేత్తో చేసిన మల్బరీ నార కాగితం మీద చైనా లిపిలోనూ కొరియా లిపిలోనూ అచ్చు వేసినవీ, చేత్తో రాసినవీ. దగ్గరికెళ్లి చూస్తే ప్రతి పొట్లం మీదా అక్షరాలు కనిపిస్తాయి, సగం మాట ఒక అంచు మీద, మిగతా సగం మడత లోపల. చదవాలనిపిస్తుంది, చదవలేం. ఆ కాగితాన్ని ఎన్ని తరాల చేతులు తిప్పాయో, ఎవరు వేలు తడి చేసుకుని పేజీ తిరగేశారో అన్న ఊహే తనని ఆ పుస్తకాల వైపు లాగిందని ఆయన చెప్తుంటారు.

రెండో సంగతి, కొరియాలో రాసేసిన కాగితాన్ని ఇంకో పనికి వాడటం ఆయన మొదలుపెట్టింది కాదు. కాగితం ఖరీదైన వస్తువు, పైగా వాళ్ల కాగితం గుడ్డలా గట్టిది. పాత పుస్తకాల పేజీల్ని సన్నగా చీల్చి, తాళ్లలా పేని, ఆ తాళ్లతో బుట్టలూ సీసాలూ అల్లేవాళ్లు, ఆ పనికి జిసుంగ్ అని పేరు. అసలు గోడకాగితం వేసే ముందు అడుగున పాత పేజీలు అంటించేవాళ్లు. నాకు అన్నిటికన్నా మనసుకి తగిలింది ఇంకోటి: చోసన్ రాజుల కాలంలో ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షల్లో తప్పినవాళ్ల జవాబు కాగితాల్ని పోగేసి, సరిహద్దులో చలికి వణికే సైనికుల బట్టల్లో దూదికి బదులు కూరేవారు. పరీక్ష పోయిన కుర్రాడి కాగితం ఎక్కడో మంచులో ఒక కాపలావాడి గుండె మీద వెచ్చగా ఉండేదన్నమాట. అది పుస్తకానికి అవమానమని నేననలేను మాస్టారూ.

మన దగ్గరా ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి కదా. కాలికి తగిలిన కాగితాన్ని కళ్లకద్దుకుంటాం, అదే కాగితంలో బఠాణీలు పోయించుకుని తింటాం, తిన్నాక ఆ పొట్లం విప్పి అందులో ఉన్న సగం కథ చదువుతాం. నా చిన్నప్పుడు అలా చదివిన సగం కథలు కొన్ని ఉన్నాయి, వాటి చివర ఏమైందో నాకు ఇప్పటికీ తెలీదు.

అయినా మీ అభ్యంతరం నేను కొట్టిపారెయ్యను. ఎక్కడా ఇంకో ప్రతి లేని తాళపత్రమో, ఒక ఇంటి వంశవృక్షమో అయితే నేనూ చింపనివ్వను, అది ఎంత గొప్ప కళాకారుడైనా సరే. చాలా ప్రతులుండి, చదివేవాడు లేక, పాత పుస్తకాల కొట్లో దుమ్ము పట్టిన పుస్తకం సంగతి వేరు. అది తూకానికి పోవడం కన్నా ఇలా నిలబడటం నయం అని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు.

పొట్లాల లోపల ఏముంటుంది? నిజంగా మూలికలేనా?
– ఇంటర్ విద్యార్థిని, ఖమ్మం

లేదమ్మా. థర్మోకోల్. ముక్కోణం ఆకారంలో చిన్నవీ పెద్దవీ ముక్కలు కోసి, వాటిమీద కాగితం చుట్టి, అదే కాగితాన్ని పేని చేసిన దారంతో కడతారు. నిజం చెప్పాలంటే ఇది తెలిసినప్పుడు నాకు మింగుడుపడలేదు. చేత్తో చేసిన నార కాగితం ఎక్కడ, థర్మోకోల్ ఎక్కడ? బరువు లేకపోవడం వల్లే గోడంత పనిని వేలాడదియ్యగలుగుతున్నారు, ఆకారం చెడకుండా ఉంటోంది, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ప్రకృతి, పర్యావరణం గురించి కూడా ఈ పనులు మాట్లాడతాయి అని రాసేవాళ్లు ఈ సంగతి దాటవేస్తే నాకు నచ్చదు. చెప్పి తీరాలి.

మాది హిందూపురం దగ్గర. రెండెకరాల్లో మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచుతున్నాం. కొమ్మలు కత్తిరించాక పుల్లలు పొయ్యిలోకే పోతున్నాయి. మీరు రాసిన కొరియా కాగితం ఈ మల్బరీతో చెయ్యొచ్చా?
– ఓ రైతు

అన్నా, మీ ప్రశ్న చూసి ఎగిరి గంతేశాను. ముందు ఒక సంగతి తేల్చుకుందాం: కొరియా వాళ్ల చెట్టు, మీ తోటలోది ఒకటి కాదు. పట్టుపురుగులు తినేది ఒక మల్బరీ, కాగితానికి వాడేది ఇంకో మల్బరీ. దాన్ని వాళ్లు దాక్ అంటారు, మనం కాగితం మల్బరీ అనుకోవచ్చు. రెండూ ఒకే కుటుంబం, ఆ మాటకొస్తే మర్రీ రావీ పనసా కూడా అదే కుటుంబం. నార పొడుగు, గట్టిదనం దాక్‌లో ఎక్కువ. అలాగని మీ మల్బరీ పనికిరాదని కాదు, ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌ఖండ్ వాళ్లు పేరుమోసిన తమ కాగితాన్ని మామూలు మల్బరీ బెరడుతోనే చేస్తారు.

కొరియా పద్ధతి చెప్తాను, మీరు పల్లెలో ఉన్నారు కాబట్టి ఇందులో సగం పని మీకు చూడగానే అర్థమైపోతుంది. చలికాలంలో, ఆకు రాలాక, ఆ ఏడాది వచ్చిన లేత కొమ్మల్ని కొడతారు. కట్టలు కట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, అప్పుడు బెరడు పుల్ల నుంచి తేలిగ్గా ఊడొస్తుంది. పైనున్న నల్ల పొట్టు కత్తితో గీకేస్తే లోపల తెల్ల నార మిగులుతుంది. కాగితం అయ్యేది ఆ నార ఒక్కటే, పుల్ల పొయ్యిలోకే. కాబట్టి మీ వంట ఆగదు.

ఆ నారని బూడిద నీళ్లలో గంటల తరబడి ఉడకబెడతారు. వరిగడ్డి బూడిద, చిక్కుడు జాతి మొక్కల కాడల బూడిద వాడతారు. మన అమ్మమ్మలు చాకిరేవుకి, గిన్నెలు తోమడానికి బూడిద వాడినట్టే, క్షారం నారలోని జిగటనీ మురికినీ వదలగొడుతుంది. తర్వాత పారే నీళ్లలో జాడించి, ఎండలో ఉంచితే తెల్లబడుతుంది. నలుసులు చేత్తో ఏరాలి, ఇది ఓపిక పరీక్ష. ఆపైన బండ మీద పెట్టి కర్రలతో బాదుతారు, నార విడిపోయి దూది పింజలా అయ్యేదాకా.

ఇప్పుడు అసలు రహస్యం. ఈ నారని నీళ్ల తొట్టిలో కలిపితే అడుక్కి దిగిపోతుంది, ఉండలు కడుతుంది. అలా కాకుండా ఒక మొక్క వేరు దంచి, ఆ జిగురు నీళ్లలో కలుపుతారు. ఆ మొక్క ఏదనుకున్నారు? మన బెండకి సొంత చెల్లెలు లాంటిది, అదే జాతి. బెండకాయ కోస్తే చేతికి అంటే జిగురు ఉందే, అదే గుణం. ఆ జిగురు వల్ల నార నీళ్లలో తేలుతూ సమంగా ఉంటుంది, జల్లెడలోంచి నీళ్లు మెల్లగా దిగుతాయి, పైగా తడి కాగితాల్ని ఒకదాని మీద ఒకటి పేర్చినా అంటుకుపోవు. ఇది చదివిన రోజు మా ఇంట్లో బెండకాయ వేపుడు, కోస్తున్నంతసేపూ అదే ఆలోచన.

సన్నటి వెదురు పుల్లల చాపని చట్రం మీద పరిచి, తొట్టిలో ముంచి, ముందుకీ వెనక్కీ, కుడికీ ఎడమకీ ఊపుతూ నీళ్లు పారబోస్తారు. అన్ని వైపులా ఊపడం వల్ల నార ఒకదాని మీద ఒకటి అడ్డంగా నిలువుగా పడుతుంది, అందుకే ఆ కాగితం ఎటు లాగినా చిరగదు. ఆరాక మళ్లీ బాది నునుపు చేస్తారు. దాన్నే హాంజీ అంటారు. తలుపులకీ కిటికీలకీ అద్దం బదులు అంటించేవాళ్లు, నూనె పట్టించి నేల మీద పరిచేవాళ్లు.

మీరు ఒక కేజీ బెరడుతో ప్రయత్నించి చూడండి, పెద్ద పెట్టుబడి వద్దు. బూడిద నీళ్లు కుదరకపోతే చాకలి సోడా వాడొచ్చు, కళ్లకీ చేతులకీ జాగ్రత్త, అల్యూమినియం గిన్నె మాత్రం వాడొద్దు, స్టీలుదే పెట్టండి. అమ్మకానికి పనికొస్తుందా అని తర్వాత ఆలోచిద్దాం. జైపూర్ దగ్గర సాంగనేర్‌లో కుమారప్ప పేరు మీద చేతికాగితం సంస్థ ఉంది, ఈ పని నేర్పడానికే పెట్టినది, వాళ్లకో ఉత్తరం రాయండి. ఇక శ్రీకాకుళం, విజయనగరం వైపు గోగు వేసే రైతులు ఇది చదువుతుంటే వాళ్లకీ ఇదే మాట: గోగు నారా, జనపనారా కాగితానికి బంగారం లాంటివి. పాత రోజుల్లో మన దేశపు కాగితం చాలా వరకు జనుము నుంచీ, పాత గోనెల నుంచీ, తెగిన తాళ్ల నుంచీ వచ్చిందే.

2018 చివర్లో బ్రూక్లిన్ మ్యూజియంలో ఈయన ప్రదర్శన చూశాను. దూరం నుంచి చంద్రుడి మీద గుంటల్లా, దగ్గరికెళ్తే ఎండి పగిలిన చెరువులా అనిపించింది. నేను తప్పుగా చూశానా?
– న్యూజెర్సీ నుంచి ఓ పాఠకుడు

తప్పేమీ లేదండీ, చాలా బాగా చూశారు. గుంటలు చూసినవాళ్లు చాలామంది ఉన్నారు, అవి ఆయన కావాలని తెచ్చినవే. ముక్కల్లో చిన్నా పెద్దా మార్చి, కొన్నింటిని లోపలికి, కొన్నింటిని బయటికి పెట్టి, కాగితాన్ని తేయాకు రంగులోనో, ఇంకా ముదురుగానో ముంచి, నీడ పడ్డట్టు చేస్తారు. నిజంగా ఉన్న గుంట ఏదో, రంగుతో తెచ్చిన భ్రమ ఏదో పక్కకి వెళ్లి చూస్తే గానీ తెలీదు. ప్రతి ముక్కనీ ఆయన ఒక సమాచారపు తునక అనుకుంటారు. ఆ తునకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, గుద్దుకుంటాయి, సర్దుకుంటాయి. యుద్ధంలో పుట్టి పెరిగిన తరం ఆయనది, చిన్నతనంలోనే దేశం రెండుగా చీలడం చూశారు. ఆ పగుళ్లలో మీకు ఎండిన చెరువు కనపడితే, అది అనంతపురం మనిషి కళ్లయి ఉండాలి. మీ సొంతూరు ఏదో రాయలేదు, నా ఊహ మాత్రం అదే.

మీరు మళ్లీ చూడాలనుకుంటే, 2022లో వెనిస్ బియెన్నాలే (ఇటలీలో రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన) సమయంలో అక్కడి పెద్ద కాలువ ఒడ్డున పాత భవంతి, పలాజో కాంటరీని పొలిన్యాక్‌లో ఆయనవి 40 దాకా పెద్ద పనులు పెట్టారు. ఇటలీ ఆర్కిటెక్ట్ స్టెఫానో బోయెరీ ఆ భవంతి తోటలో 'హాంజీ హౌస్' అని కాగితం మడతల్లాంటి ఇల్లు కూడా కట్టారు. వాటి ఫొటోలు చూడండి. అయిదు వందల ఏళ్లు దాటిన గోడల మధ్య ఈ పొట్లాల కుప్పలు ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు కనిపిస్తాయి.

అంత కష్టపడి కాగితంతో చేస్తే చెద పట్టదా? మా ఇంట్లో పెళ్లి ఆల్బమ్ పదేళ్లకే పోయింది.
– ఓ గృహిణి, కాకినాడ

అయ్యో, పెళ్లి ఆల్బమ్ పోవడం మాత్రం బాధే అమ్మా.

చెదలకి ఏ కాగితమైనా ఒకటే, తేమ, చీకటి దొరికితే వదలవు. మ్యూజియంలో గాలిలో తేమని అదుపులో పెడతారు కాబట్టి నెట్టుకొస్తాయి. కానీ కాగితం తనంతట తాను పాడవడం వేరే సంగతి. మన న్యూస్‌పేపర్ నెల రోజులు ఎండలో ఉంటే పచ్చబడి పెళుసుగా అవుతుంది కదా, అది కలప గుజ్జు కాగితం, అందులో చెక్కకి గట్టిదనం ఇచ్చే పదార్థం అలాగే ఉండిపోతుంది, దాంతో మెల్లగా ఆమ్లం పుడుతుంది. హాంజీని క్షారంలో ఉడికిస్తారు, నార పొడుగ్గా ఉంటుంది, అందుకని ఆ జబ్బు దానికి తక్కువ. పట్టు అయిదు వందల ఏళ్లు, కాగితం వెయ్యేళ్లు అని వాళ్ల సామెత. ఉత్తమాట కూడా కాదు: 1966లో బుల్‌గుక్సా అనే బౌద్ధాలయంలో రాతి స్తూపం మరమ్మతు చేస్తుంటే లోపల ఒక ధారణీ సూత్రం (బౌద్ధ మంత్రాల గ్రంథం) చుట్ట దొరికింది. చెక్క అచ్చులతో ఈ కాగితం మీదే ముద్రించినది, 751కి ముందుదని లెక్క కట్టారు. మన దగ్గర తూర్పు చాళుక్యులు వేంగిని ఏలుతున్న కాలం అది.

మా ఊళ్లో ఒకప్పుడు చేత్తో కాగితం చేసేవాళ్లని మా తాత చెప్పేవాడు. నిజమేనా? మన దేశంలో ఇలా కాగితంతో పనిచేసే కళాకారులు ఎవరూ లేరా?
– ఓ ఉపాధ్యాయుడు, కోరుట్ల

మీ తాతగారు చెప్పింది నిజం. నిజాం రాజ్యం నాటి గెజిటీర్‌లోనే ఉంది కోరుట్ల కాగితం మాట, పట్వారీల లెక్కల పుస్తకాలకి దాన్నే వాడేవారని. అంటే తెలంగాణలో ఎవరి భూమి ఎవరిదో తేల్చిన రాతలు కొన్ని మీ ఊరి కాగితం మీదే ఉన్నాయన్నమాట. మీరు ఉపాధ్యాయులు కాబట్టి ఓ పని చెయ్యండి, మీ పిల్లల చేత ఊళ్లోని పెద్దవాళ్లని అడిగించండి, ఆ తొట్లు ఎక్కడుండేవి, ఏ నార వాడేవారు, ఆ ఇళ్ల వాళ్లు తర్వాత ఏ పనికి వెళ్లారు అని. ఇప్పుడు అడగకపోతే ఇంకో పదేళ్లకి చెప్పేవాళ్లుండరు. రాసి పంపితే ఈ పత్రికలో వేయించే పూచీ నాది.

కళాకారుల విషయానికొస్తే, ఉన్నారు. బెంగాల్‌కి చెందిన సోమనాథ్ హోర్ 1970లలో కాగితం గుజ్జుతో 'గాయాలు' అనే వరస చేశారు. తెల్ల గుజ్జు, తెల్ల కాగితం, అందులో కోతలూ పొడుపులూ, కొన్ని చోట్ల ఎరుపు. కరువునీ అల్లర్లనీ కళ్లారా చూసిన మనిషి. అవి పెద్ద పనులు కావు, అయినా చూశాక రాత్రి నిద్ర పట్టదు. అలీగఢ్‌లో పుట్టిన జరీనా హష్మీ కాగితం గుజ్జుని అచ్చుల్లో పోసి శిల్పాల్లా చేశారు, ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల బాధ మీద జీవితమంతా పనిచేసి 2020లో కన్నుమూశారు. ఇప్పుడు మనకి దగ్గర్లో, బెంగళూరులో రవికుమార్ కాశీ ఉన్నారు. గ్లాస్గోలో కాగితం చెయ్యడం నేర్చుకుని, తర్వాత కొరియా వెళ్లి ఈ హాంజీ పనినే నేర్చుకొచ్చారు. కాగితాన్ని కొనకుండా తానే చేసుకుని, ఆ కాగితాన్నే బొమ్మగా మార్చే మనిషి. వీలైతే ఆయన ప్రదర్శన ఎక్కడన్నా ఉన్నప్పుడు పిల్లల్ని తీసుకెళ్లండి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఫైన్ ఆర్ట్స్ కాలేజీలున్నాయి, నార ఉంది, నీళ్లున్నాయి, కాగితం తొట్టి మాత్రం ఎన్ని చోట్ల ఉంది? ఒక్కో కాలేజీలో ఒక్కో తొట్టి పెట్టించడానికి పెద్ద ఖర్చేమీ కాదు, పెట్టించండని చేతులెత్తి అడుగుతున్నాను.

ఆయన పనులు ఎంతకి అమ్ముడుపోతాయి?
– పేరు రాయలేదు, విజయవాడ

నా చేతిలో ఉన్న ఈ పేజీలో ధర మాట రాయడం నాకిష్టం లేదండీ, తర్వాతి ప్రశ్నకి వెళ్తాను.

నేను ఏడో తరగతి. స్కూల్ ప్రాజెక్టుకి చేతికాగితం చెయ్యాలి. మల్బరీ చెట్టు లేదు. టీచర్ సోమవారానికి తెమ్మన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఓ చిన్నారి, వరంగల్

టెన్షన్ వద్దు కన్నా, శనివారం మొదలుపెడితే సోమవారానికి అయిపోతుంది.

పాత నోట్‌బుక్ కాగితాలు పది తీసుకో, పిన్నులు తీసేసి చిన్న ముక్కలు చెయ్యి, రాత్రంతా నీళ్లలో నానబెట్టు. పొద్దున్నే అమ్మని అడిగి మిక్సీలో నీళ్లు ఎక్కువ పోసి ఒక్క నిమిషం తిప్పించు, మరీ పిండి అయిపోకూడదు, నార కనపడాలి. మీ ఇంట్లో పూలదండకి వాడే అరటి నార ఉంటే గోరంత పొడుగు ముక్కలు కత్తిరించి, ఉడకబెట్టి కలుపు, కాగితానికి బలం వస్తుంది, చూడ్డానికి కూడా బాగుంటుంది. రెండు బెండకాయలు కోసి నీళ్లలో వేసి పిసికి, ఆ జిగురు నీళ్లు గుడ్డతో వడగట్టి గుజ్జులో పోసెయ్. ఇది కొరియా వాళ్ల కిటుకు అని టీచర్‌కి చెప్పు.

పాత ఫొటో ఫ్రేముకి దోమతెర గుడ్డ బిగుతుగా కట్టి, వెడల్పాటి టబ్‌లో ఆ గుజ్జు నీళ్లు పోసి, ఫ్రేముని పక్కగా ముంచి, అడ్డంగా పైకి లేపు. నాలుగు వైపులా మెల్లగా ఊపు, నీళ్లు దిగిపోతాయి. తర్వాత పాత కాటన్ చీర ముక్క మీద బోర్లించి, వెనకనుంచి స్పాంజితో అద్ది, ఫ్రేము లేపేస్తే కాగితం గుడ్డ మీద ఉండిపోతుంది. మొదటి రెండు మూడు చిరిగిపోతాయి, గుజ్జు మళ్లీ టబ్‌లో వేసెయ్, ఏమీ వృథా కాదు.

గుడ్డతో సహా నున్నటి గోడకి ఆనించి నొక్కి, గుడ్డ మెల్లగా ఒలిచెయ్, కాగితం గోడకి అంటుకుంటుంది. మధ్యలో గోరుతో గీకి చూడాలనిపిస్తుంది, చూడకు. ఆరితే ముందు ఒక మూల లేస్తుంది, తర్వాత దానంతటదే ఊడి చేతిలోకి వస్తుంది.